సద్దుల నాడు చెరువు దాకా

బిడ్డా,

ఈసారి సద్దులకు, అంటే బతుకమ్మ ఆఖరి తొమ్మిదో నాడు, నువ్వే బతుకమ్మను ఎత్తుకొని వాడోళ్లతోని చెరువుకు పోతనన్నవట. మస్తు సంతోషమైంది. ఒక్కటే మాట, ఎత్తు కోసం పోటీ పడకు. మొదటిసారికి మూరెడు చాలు. గట్టిగ పేర్చిన మూరెడు చెరువు దాకా నిలబడి వస్తది, రెండు మూరలది నడి బజార్ల ఒరుగుతది.

మొదటి రోజు ఎంగిలిపూల నాటి నుంచి లెక్కపెడితే ఆరో నాడు అలిగిన బతుకమ్మ, ఆ రోజు ఆడరు. తాంబాలం, రంగులు ఆనాడే సదురుకో. గునుగు పువ్వు ఎనిమిదో నాడే తెచ్చి, కాడలు ఒక్క తీరుగ కోసి, కట్టలు కట్టి, కొసలు రంగుల ముంచి రాత్రంతా ఆరబెట్టు. ఆరకుంటే ఆ రంగు నెత్తి మీదికెల్లి చీరె మీదికి కారుతది. తంగేడు పువ్వు మాత్రం సద్దుల నాటి పొద్దుగాలనే తెంపాలె. పేర్చేదాకా తడిబట్టల చుట్టి పెట్టు.

తాంబాలంల గుమ్మడాకులు పరిచి, పువ్వు బయటికి, కాడ లోపలికి ఉండేటట్టు వరుస పెట్టు. కిటుకంత నడిమిట్లనే ఉన్నది. ఒక్కో వరుస కాంగనే కోసిన కాడలు, తంగేడాకు నడుమ పోసి అరచేత్తోని అదుము. లోపల బోలుగ ఉంటే పైబరువుకు కుంగి, ఎత్తంగనే ఒక పక్కకు వంగుతది. పై వరుస కిందిదానికన్న వేలెడు లోపలికి రావాలె. కొసకు గుమ్మడిపువ్వు, తమలపాకుల పసుపు గౌరమ్మ.

చెరువుకాడ పంచే సత్తు పొడికి పావుకిలో పల్లీలు వేయించి, పొట్టు తీసి, 150 గ్రాముల చక్కెర కలుపు. మిక్సీని ఆపకుండ తిప్పితే వేడికి నూనె వదిలి ముద్దయితది. ఆపుకుంట తిప్పు.

బయలెల్లేటప్పుడు నెత్తి మీద చుట్టబట్ట పెట్టుకో, ఇద్దరిని పట్టి ఎత్తుమను. కుచ్చిళ్లు కొంచెం పైకి దోపుకో. ఫోను ఇంట్లోళ్లకియ్యి. ఆడేకాడ పాట రాదని వెనుకకు జరగకు. పాట ఎత్తుకునేది ఒకామె, 'ఉయ్యాలో' అనేది అందరం. కాళ్ల దిక్కు చూస్తే అడుగు తప్పుతది, ముందామె చేతులు చూడు. ఆమె వంగినప్పుడు వంగు, చప్పట్లు కొట్టినప్పుడు కొట్టు. రెండు చుట్లకు అదే వస్తది. డీజే మోగితే మన పాట మనకే వినపడది. పిలగాండ్లను నెమ్మదిగ అడిగి మొదటి గంటన్న బందు పెట్టించు.

చెరువుకాడ తొందరపడకు. ఒడ్డున నాచు జారుతది, చీకట్ల లోతు తెల్వది. మోకాలు నీళ్లు దాటి పోవద్దు. నల్లగొండకాడి పానగల్లు ఉదయసముద్రం చెరువు తీరు పెద్ద నీళ్లల్లయితే దిగనే దిగకు, ఈతొచ్చినోళ్ల చేతికియ్యి. బతుకమ్మను వదిలే ముందు గౌరమ్మను తీసి పెట్టుకో, ఆ పసుపు పుస్తెలకు రాసుకోవాలె. తాంబాలం మరువకుండ ఎనుకకు తెచ్చుకో.

అటెన్క గట్టు మీదనే సత్తు పంచుకుంటరు. 'ఇస్తినమ్మ వాయినం' అని ఇచ్చే ఆమె అంటే 'పుచ్చుకుంటినమ్మ వాయినం' అని కొంగు పట్టు. కొత్త కోడలివి, అందరూ నీకే ఎక్కువ పెడుతరు. పెద్ద డబ్బా ఒకటి ఎంబడి తీసుకపో.

నీ పెద్దమ్మ