లడ్డూ కాదమ్మా అది!

(పాముల గురించి పాఠకుల ప్రశ్నలకు బాపట్ల నుంచి ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్ జవాబులు)

ప్రశ్న: మేం అమెరికాలో, నార్త్ కరోలినాలోని కేరీలో ఉంటాం. మా అబ్బాయి కార్న్ స్నేక్ అనే విషం లేని పాముని పెంచుకుంటున్నాడు. నారింజ రంగులో ఉంటుందని దానికి లడ్డూ అని పేరు పెట్టాడు. రెండు నెలల కిందట ట్యాంక్ మూత సరిగ్గా పెట్టకపోవడంతో అది తప్పించుకుంది. మొన్న సాయంత్రం పెరట్లో డెక్ మెట్ల దగ్గర గోధుమరంగు మచ్చల పిల్లపాము కనిపించింది. "లడ్డూ వచ్చేసింది, మట్టి కొట్టుకుపోయింది పాపం" అంటూ వీడు పట్టుకోబోతే మా అత్తగారు రెక్క పట్టి వెనక్కి లాగారు. కిటికీలోంచి తీసిన ఫొటో పంపుతున్నాను. అది మాదేనా? ఒకటే టెన్షన్‌గా ఉంది.

- ఓ తల్లి, కేరీ

జవాబు: అమ్మా, ముందు మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి. ఫొటోలో ఉన్నది లడ్డూ కాదు, కాపర్‌హెడ్. విషప్పాము. మీ రాష్ట్రంలో విషం ఉన్న వాటిలో ఎక్కువగా కనిపించేది ఇదే. ఎండుటాకుల్లో పడుకుంటే పక్కనే నిలబడ్డా కనిపించదు.

పిల్లాణ్ణి కోప్పడకండి. వాడు రంగు చూశాడు, అంతే. కార్న్ స్నేక్ అడవిలోనే నారింజ నుంచి బూడిదరంగు దాకా రకరకాలుగా ఉంటుంది. పెంపకం వాళ్ల దగ్గరైతే తెల్లవి, గులాబీవి కూడా దొరుకుతాయి. అందుకని రంగు సంగతి వదిలేసి మచ్చ ఆకారం చూడమనండి. కాపర్‌హెడ్ పట్టీలు శివుడి ఢమరుకంలా ఉంటాయి: వెన్ను మీద సన్నగా, రెండు పక్కలకీ దిగేకొద్దీ వెడల్పుగా. కార్న్ స్నేక్‌వి పట్టీలు కావు, విడివిడి మచ్చలు. గుర్రం మీద జీను వేసినట్టు వెడల్పంతా వెన్ను మీదే ఉంటుంది, చుట్టూ నల్లటి అంచు. మీ ఫొటోలో ఢమరుకాలు ఆరు లెక్కపెట్టాను. పైగా తోక కొస పసుపుపచ్చగా ఉంది. అది కాపర్‌హెడ్ పిల్లలకు ఉండే గుర్తు. దాన్ని పురుగులా ఆడించి కప్పల్నీ బల్లుల్నీ దగ్గరికి రప్పించుకుంటాయి.

తలలోనూ తేడా ఉంది. కార్న్ స్నేక్ నెత్తిన బల్లెం మొన లాంటి గుర్తు, కంటి మీదుగా వెనక్కి సాగే గీత కనిపిస్తాయి. కాపర్‌హెడ్ తల పాత రాగి చెంబు రంగులో, అలాంటి బొమ్మలేవీ లేకుండా ఉంటుంది. లడ్డూ దొరికాక పొట్ట తిప్పి చూడండి, చదరంగం బల్లలా నలుపు తెలుపు గళ్లుంటాయి. ఆ గళ్లు రంగురంగుల మొక్కజొన్న కంకి గింజల్లా ఉంటాయని కార్న్ స్నేక్‌కి ఆ పేరొచ్చిందంటారు. మొక్కజొన్న గాదెల్లో ఎలుకల కోసం తిరగడం వల్ల వచ్చిందని ఇంకొందరు. పెరట్లో కనిపించిన పాము పొట్ట మాత్రం చూడక్కర్లేదు.

"త్రికోణం తల ఉంటే విషం, కంటిపాప నిలువుగా ఉంటే విషం" అని అక్కడ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. బెదిరిన కార్న్ స్నేక్ కూడా తల చదును చేసి త్రికోణంలా కనిపిస్తుంది. చీకట్లో నిలువు పాప కూడా విప్పారి గుండ్రంగా అవుతుంది. ఆ సూత్రం పట్టుకుని మన ఊరొస్తే మరీ ప్రమాదం. నాగుపాముకి కంటిపాప గుండ్రమే, తల త్రికోణం కాదు. అయినా పాప కనిపించేంత దగ్గరికి వెళ్లడమెందుకు? ఫోన్‌లో జూమ్ ఉందిగా.

ఇక లడ్డూ. ఇల్లు దాటి ఉండకపోవచ్చు. ఫ్రిజ్ వెనకా, వాషింగ్ మెషీన్ కిందా, వెచ్చగా ఇరుగ్గా ఉన్న చోటల్లా వెతకండి. రాత్రి గుమ్మాల దగ్గర మైదా పలచగా చల్లి, పొద్దున్నే జాడ చూడండి. ఆరోగ్యంగా ఎదిగిన కార్న్ స్నేక్ రెండు నెలలు తిండి లేకపోయినా తట్టుకుంటుంది. డెక్ కింద ఆకులు మాత్రం ఊడ్పించండి. ఎవరినైనా కాపర్‌హెడ్ కాటేస్తే ప్రాణం పోవడం అరుదే గానీ వాపూ నొప్పీ విపరీతం. నేరుగా ఆస్పత్రికే. మీ దేశంలో పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222, ఫ్రిజ్ మీద అంటించుకోండి.

ప్రశ్న: సార్, నేను బీటెక్ థర్డ్ ఇయర్. టెలిగ్రామ్‌లో ఒకతను బాల్ పైథాన్ పిల్ల అని పన్నెండు వేలకి అమ్ముతానంటున్నాడు. పేపర్లు అక్కర్లేదంటున్నాడు. ఫొటో చూసి చెప్పగలరా?

- కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకుడు

జవాబు: బాబూ, అది మన కొండచిలువ పిల్ల. బాల్ పైథాన్ పశ్చిమ ఆఫ్రికాలో ఘనా, టోగో, బెనిన్ వైపు పాము. దాని ఒళ్లు ముదురు రంగు, అందులో లేత గోధుమరంగు మచ్చలు. మన కొండచిలువది సరిగ్గా తిరగేసి: లేత ఒంటి మీద ముదురు మచ్చలు, నెత్తిన బాణం మొన. గుడ్డులోంచి వచ్చేటప్పటికే దాదాపు రెండడుగులు ఉంటుంది. బాల్ పైథాన్ పిల్ల అడుగు, అడుగుంపావు. నీ ఫొటోలో పక్కన పెట్టిన స్కేలు చూడు, అతనే రుజువు ఇచ్చాడు.

కొండచిలువ వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉంది. దొరికితే కనీసం మూడేళ్లు జైలు. నిజంగా బాల్ పైథానే అయినా పేపర్లు లేకుండా కుదరదు, 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయించాలి. ఆ మెసేజీలు డిలీట్ చేయకుండా ఫారెస్టు వాళ్లకి చూపించు.

ప్రశ్న: మాది రేపల్లె దగ్గర పల్లెటూరు. కుప్ప నూరుస్తుంటే కొండచిలువ పిల్ల దొరికింది. పిల్లలు బకెట్లో పెట్టి కప్పలు వేస్తున్నారు. మా బావమరిది అది పూడుపాము (రెండు తలల పాము అంటారే, అది), లక్షలు పలుకుతుంది అంటాడు. ఏది నిజం?

- ఒక రైతు

జవాబు: ఫొటో చూసిన నిమిషంలోనే మీకు ఫోన్ చేశాను, మిగతావాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను. మీ ఇద్దరిదీ తప్పే. అది రక్తపింజరి పిల్ల. పొడపాము అని కూడా అంటారు. వెన్ను మీద గొలుసు పేర్చినట్టు మూడు వరసల కోలమచ్చలు, లెక్కగా ఉంటాయి. కొండచిలువ మచ్చలకీ పూడుపాము మచ్చలకీ ఆ లెక్క ఉండదు, అడ్డదిడ్డంగా కలిసిపోతాయి.

ఇందులో నేనూ తప్పిన వాణ్ణే. 1986లో ఒక కుర్రాడు బిస్కెట్ డబ్బాలో ఇలాంటిదే తెస్తే, తొంగిచూసి "పూడుపామేరా" అని చెయ్యి పెట్టబోయాను. మా ల్యాబ్ అటెండర్ నా మణికట్టు పట్టుకుని "తోక చూడండి సార్" అన్నాడు. పూడుపాము తోక మొద్దుగా, కోసేసినట్టు ఉంటుంది. డబ్బాలో ఉన్న దాని తోక సన్నగా దిగింది. మెడ కూడా సన్నం, తల విడిగా తెలుస్తోంది. అప్పుడే అది బుస కొట్టింది, కుక్కర్ విజిల్‌లా. ఎమ్మెస్సీ చదివింది నేను, చూసింది అతను.

పూడుపాముకి లక్షలనేది మోసగాళ్లు పుట్టించిన మాట. దాన్ని పట్టడం, అమ్మడం కూడా నేరమే. ఎవరినైనా పాము కరిస్తే ఏ పామో తేల్చుకోవడానికి దాని వెంట పడొద్దు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ ఇక్కడ ఇచ్చే మందు ఒకటే.

మీ పామును ఫారెస్టు వాళ్లు తీసుకెళ్లారని మర్నాడు ఫోన్లో చెప్పారు, సంతోషం. ఆ బకెట్ మళ్లీ వాడుకోవచ్చా అని అడిగారు కదా. సబ్బుతో కడిగి వాడుకోండి.