బడి మార్చే ముందు ఆన్‌లైన్ వివరాలు చూసుకోండి

2020లో కోవిడ్ వల్ల బడులు మూతపడి ఉన్నప్పుడు, ప్రభుత్వ బడి ఆన్‌లైన్‌లోనే నడుస్తోంది కాబట్టి నాలుగో తరగతి పాపను ప్రైవేటుకు మార్చాలా అని ఒకరు అడిగారు. అసలు ఇబ్బంది బడితో కాదు, ఫోనుతో అని చెప్పాను. అప్పుడు తిరుపతిలో ప్రైవేటు బడులూ 2020 మార్చి నుంచి మూతపడే ఉండేవి. అవీ ఫోనులోనే పాఠాలు చెప్పేవి. ఉన్న ఒక్క ఫోనూ నాన్నతో పనికి వెళ్లిపోతే, ఫీజు కట్టినా పాపకు పాఠం అందదు.

1. ముందు టీవీ. అప్పట్లో దూరదర్శన్ సప్తగిరి ఛానల్లో పాఠాలు వచ్చేవి, వాటి వేళలు టీచరును అడిగి రాసుకోమన్నాను. తిరుపతి బైరాగిపట్టెడలో మా బాబు పాత క్యాలెండర్ కాగితాల వెనక లెక్కలు చేసేవాడు. వారానికోసారి టీచరుకు చూపించేవాళ్లం. ఆమె పెట్టే ఎర్ర సిరా టిక్కు కోసమే కుదురుగా కూర్చునేవాడు.

2. అయినా మారాలనుకుంటే, చాలామంది మరిచిపోయేది ఇదే: టీసీ చేతికి రాగానే పని పూర్తి కాదు. అప్పట్లో పాత బడి ప్రధానోపాధ్యాయులు చైల్డ్ ఇన్ఫోలో (విద్యాశాఖ వారి విద్యార్థుల ఆన్‌లైన్ నమోదు) పాప వివరాలను తమ బడి నుంచి విడుదల చేయాల్సి ఉండేది. లేకపోతే కొత్త బడిలో నమోదయ్యేది కాదు, బడికి వెళ్లే పిల్లల తల్లులకు అప్పుడు ప్రభుత్వం ఇచ్చిన అమ్మఒడి 15,000 రూపాయలకూ చిక్కు వచ్చేది. పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చూడండి. ఫీజు ఆ తర్వాతే.

3. మళ్లీ ప్రభుత్వ బడికి రావాల్సి వస్తే భయపడకండి. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదని 2009 విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ చెబుతోంది.

ప్రైవేటుకు వెళితే, ప్రభుత్వ బడి పిల్లలకు అప్పట్లో అందుతున్న బియ్యం, గుడ్లు, చిక్కీలు ఆగిపోయేవి. అదీ లెక్కలో వేసుకోమన్నాను.