నేను చదివేదాకా సంతకం పెట్టకు

బుజ్జీ,

ఉద్యోగం మానేసి బ్యాండు పెట్టుకుంటున్నావని అక్క ఫోన్ చేసి చెప్పింది. చెబుతూ ఏడ్చింది. నాకు మాత్రం ముందు గర్వంగానే అనిపించింది. నువ్వు పంపిన పాటలు ఆఫీసుకి వెళ్తూ కారులో వింటున్నాను. రాత్రి పన్నెండింటికి త్రీఫేజ్ కరెంటు వస్తే టార్చి పట్టుకుని బోరు దగ్గరికి వెళ్ళే మనిషి మీద రాశావే, ఆ పాట దగ్గర బండి పక్కకు ఆపుకున్నాను. ఆ మనిషి మా నాన్న. ఆయన మీద ఎవరైనా పాట రాస్తారని నేనెప్పుడూ అనుకోలేదు.

భయం వేసింది ఆ తర్వాత అక్క అన్న మాటకి. ఎవరో ఒకాయన నీ పాటలు విని ముచ్చటపడ్డాడట. మేనేజరూ ఆయనే, రికార్డింగ్ కంపెనీ ఆయనదే, పాటల హక్కులు చూసుకునేదీ ఆయనే. కాగితాలు సిద్ధంగా ఉన్నాయి, వచ్చే వారం సంతకాలు. "అన్నయ్యలాంటివాడు పిన్నీ" అని నువ్వు మెసేజ్ పెట్టావు. ఆ మాట చదివాక నాకు నిద్ర పట్టలేదు.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉంచుకో. ప్రాక్టీసులో చెవులకి ఇయర్‌ప్లగ్స్ పెట్టుకో. అర్ధరాత్రి షో అయ్యాక డ్రైవర్ నిద్రమొహంతో ఉంటే ఆ ఊళ్ళోనే పడుకోండి. డ్రమ్స్ వాయించే అబ్బాయికి ఎంత, నీకెంత అనేది ఇప్పుడే, స్నేహం బాగున్నప్పుడే రాసుకోండి. వేళకి తిను.

ఇక అసలు సంగతి. ఇన్నేళ్ళుగా లాయర్ల ఆఫీసులో కాగితాలు టైపు చేసి, చదివి, ఫైలు చేసి బతుకుతున్నదాన్ని కాబట్టి ఇది వివరంగా చెప్పాలి. అన్నీ ఆన్‌లైన్ కాకముందు కోర్టు పనిమీద నేను ఇక్కడ న్యూజెర్సీలో ఫ్రీహోల్డ్ అనే ఊరికి తరచూ వెళ్ళేదాన్ని. మన్‌మత్ కౌంటీ కోర్టు అక్కడే ఉంది. రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ పెరిగింది ఆ ఊళ్ళోనే. న్యూజెర్సీలో ఆయన పేరెత్తితే పెట్రోలు బంకు కుర్రాడి దగ్గర్నుంచి మా బాసు దాకా అందరూ కబుర్లు మొదలుపెడతారు. నువ్వు ఆయన పాటలు నాకంటే ఎక్కువే విని ఉంటావు. ఆయన పెట్టిన ఒక సంతకం గురించి మాత్రం నేను చెబుతాను విను.

వాళ్ళది లేని కుటుంబం. తండ్రి తివాచీల మిల్లులో చేశాడు, బస్సు నడిపాడు, ఏ పనీ నిలవలేదు. తల్లి అడెల్ లీగల్ సెక్రటరీ. అంటే నా పనిలాంటిదే. కొడుకు గిటార్ కావాలంటే 1964లో అరవై డాలర్లు అప్పు చేసి కొనిపెట్టింది. 1969లో తల్లిదండ్రులు కాలిఫోర్నియా వెళ్ళిపోయారు, ఈయన సముద్రం ఒడ్డున ఆస్బరీ పార్క్ బార్లలో పాడుకుంటూ ఇక్కడే ఉండిపోయాడు.

1972లో ఆయనకి 22 ఏళ్ళు. మైక్ ఆపెల్ అని ఒక మేనేజర్ దొరికాడు. మోసగాడు కాదు, బుజ్జీ. ఇది గుర్తుపెట్టుకో. ఈ కుర్రాడు గొప్పవాడవుతాడని అందరికంటే ముందు నమ్మినవాడు. గాయకుడు బాబ్ డిలన్‌ని కొలంబియా రికార్డుల కంపెనీకి తెచ్చిన జాన్ హామండ్ దగ్గరికి పట్టుబట్టి తీసుకెళ్ళి పాడించాడు. స్ప్రింగ్‌స్టీన్ ఆయన ఇచ్చిన కాగితాల మీద సంతకాలు పెట్టేశాడు. చీకటిగా ఉన్న పార్కింగ్ స్థలంలో కారు బానెట్ మీద పెట్టాడని చెబుతారు. పక్కన తన తరఫు లాయరు లేడు. జీవితమంతా లాయర్ల కాగితాలు చూసిన తల్లి దేశానికి ఆ చివరన ఉంది. ఒక్క ఫోన్ చేసి అమ్మా ఇది ఏమిటని అడిగి ఉంటే! ఈ కథ తలుచుకున్నప్పుడల్లా నాకు ముందు ఆవిడే గుర్తొస్తుంది.

ఆ కాగితాల్లో ఏముందంటే, మేనేజ్‌మెంటూ, రికార్డింగూ, పాటల పబ్లిషింగూ, అంటే పాటల హక్కులు చూసుకోవడమూ, మూడూ ఆపెల్ వైపే. కొలంబియా ఒప్పందం కూడా నేరుగా స్ప్రింగ్‌స్టీన్‌తో కాదు, ఆపెల్ కంపెనీతో జరిగింది. మేనేజర్ అంటే నీ తరఫున కంపెనీతో పోట్లాడాల్సినవాడు. కంపెనీ కూడా ఆయనే అయితే ఎవరితో పోట్లాడతాడు? నీ ముందున్న కాగితంలోనూ మేనేజరూ, కంపెనీ ఒకరే అంటున్నావు కదా, అందుకే నా టెన్షన్.

మొదటి రెండు ఆల్బమ్‌లు పెద్దగా అమ్ముడుపోలేదు. డబ్బే లేనప్పుడు ఎవరి వాటా ఎంతని ఎవరూ అడగరు. ఆ తర్వాత ఒక్క పాట మీద ఆరు నెలలు కూర్చున్నాడు. ఆ పాట ఉన్న ఆల్బమ్ 1975 ఆగస్టులో వచ్చింది. అక్టోబరులో టైమ్, న్యూస్‌వీక్ రెండు పత్రికలూ ఒకే వారం ఆయన బొమ్మ అట్టమీద వేశాయి. అప్పుడు చూసుకుంటే తన పాటల మీద తన పెత్తనమే లేదు. 1976 జూలైలో కోర్టుకెక్కాడు. ఆపెల్ తిరిగి కేసు వేశాడు. తనకి నచ్చిన ప్రొడ్యూసర్ జాన్ లాండౌతో రికార్డింగ్ చేయడానికి వీల్లేదని కోర్టు ఆపేసింది. దేశమంతా పేరు మోగుతున్న రోజుల్లో మనిషి స్టూడియోలో అడుగుపెట్టలేకపోయాడు. బ్యాండు కడుపు నింపడానికి ఊరూరా తిరిగి షోలు చేశాడు. 1977 మేలో రాజీ కుదిరింది. ఆపెల్‌కి డబ్బు ఇచ్చుకున్నాడు, పాటలు వెనక్కి తెచ్చుకున్నాడు. తర్వాతి ఆల్బమ్ 1978 జూన్‌కి గానీ రాలేదు. పాతికేళ్ళు దాటిన కుర్రాడికి, గొంతు మంచి పదునులో ఉన్నప్పుడు, దాదాపు మూడేళ్ళు.

పాటలు వెనక్కి తెచ్చుకోవడం ఎంత పనిచేసిందో తెలుసా? 2021 డిసెంబరులో తన పాటలూ రికార్డింగులూ సోనీకి అమ్మాడు. సుమారు 50 కోట్ల డాలర్లని పత్రికలు రాశాయి. ఎప్పుడు అమ్మాలో, ఎవరికి అమ్మాలో తనే నిర్ణయించుకున్నాడు. ఆపెల్ మీద పగ కూడా పెట్టుకోలేదు. 1999లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ సభలో ఆయనకి పేరు పెట్టి కృతజ్ఞత చెప్పాడు. నీ మేనేజర్ కూడా అంత మంచివాడే కావచ్చు. మంచివాడు ఇచ్చాడు కదా అని మనం కాగితం చదవం. చదువుతానంటే నొచ్చుకుంటాడేమో అని మొహమాటం. నీకు ఆ మొహమాటం చిన్నప్పటి నుంచీ ఎక్కువ. మా ఇంటికి వచ్చినప్పుడు ఆకలేస్తున్నా "వద్దు పిన్నీ" అనేదానివి. సంతకం దగ్గర అలా చేశావో, నేను ఊరుకోను.

మన దేశంలో చట్టం నీ వైపే ఉంది, అది కూడా తెలుసుకో. 2012లో కాపీరైట్ చట్టం మార్చారు. సినిమాలోగానీ రికార్డులోగానీ వాడిన పాటకి రాసినవాళ్ళకీ బాణీ కట్టినవాళ్ళకీ వచ్చే రాయల్టీ (పాట వాడినందుకు ఇచ్చే డబ్బు) వాటాని వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకెవరికీ రాసివ్వడానికి వీల్లేదు. ఎన్నేళ్ళకని రాయకపోతే హక్కులిచ్చింది ఐదేళ్ళకే అని లెక్క. ఎక్కడెక్కడికని రాయకపోతే భారతదేశానికి మాత్రమే. అందుకే తెలిసినవాళ్ళు "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని రాయిస్తారు. ఆ రెండు మాటలూ కనబడితే పెన్ను కింద పెట్టు. నువ్వు వాళ్ళ ఉద్యోగిగా పాట రాసినట్టు ఎక్కడైనా ఉందేమో కూడా చూడు. పాటలు రాసేవాళ్ళకీ బాణీ కట్టేవాళ్ళకీ రాయల్టీ వసూలు చేసిపెట్టే కాపీరైట్ సొసైటీ ఐపీఆర్ఎస్‌లో నీ పేరుతో సభ్యత్వం తీసుకుని పాటలు నమోదు చేయించు. లాయరుని నువ్వు వెతుక్కో, ఆయన చూపించిన లాయరు వద్దు. ఫీజు నేను పంపిస్తాను, మాట్లాడకు.

"స్టూడియో ఖర్చు ఆయనే పెడుతున్నాడు పిన్నీ" అంటావు. 1982లో ఇదే స్ప్రింగ్‌స్టీన్ ఇంట్లో కూర్చుని నాలుగు ట్రాకుల క్యాసెట్ మిషన్ మీద చేసుకున్న రికార్డింగులే ఒక పూర్తి ఆల్బమ్‌గా వచ్చాయి. నీ ల్యాప్‌టాప్ అంతకంటే నయం.

ఆ ఆల్బమ్ రోజుల్లోనే ఆయన మనసు బాగా కుంగిపోయింది. డాక్టర్ దగ్గరికి వెళ్ళాడు, డిప్రెషన్ సంగతి తర్వాత తన ఆత్మకథలో దాచకుండా రాశాడు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, షోకి నలుగురే వచ్చిన రాత్రి నువ్వు ఎవరికీ చెప్పకుండా గదిలో తలుపేసుకుంటావు. నాకు తెలుసు. ఆ రాత్రి నాకు ఫోన్ చెయ్యి. నీకు అర్ధరాత్రి అంటే నాకు మధ్యాహ్నం, నేను మేలుకునే ఉంటాను.

మీ నాన్న మాట్లాడటం లేదని బాధపడకు. ఆ బోరు పాట ఆయనకి వినిపించావా? మామగారంటే ఆయనకి ప్రాణం. ముందు ఆ పాట వినిపించు, ఉద్యోగం సంగతి తర్వాత ఎత్తు.

కాంట్రాక్టు పేజీలన్నీ ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టు. చివర షెడ్యూల్ అని అంటించిన పేజీలు వదిలెయ్యకు, అసలు విషయం అక్కడే ఉంటుంది. ఆయనతో "మా పిన్ని చూడాలంది, రెండు వారాలు టైమ్ కావాలి" అని చెప్పు. ఇవ్వనంటే ఆ మాటే నాకు రాసి పంపు. శనివారం పొద్దున్న మీ టైమ్ ఎనిమిదికి చేస్తాను, అక్కని కూడా పక్కన కూర్చోబెట్టుకో.

నీ
పిన్ని