మీటింగ్‌లో మాట్లాడనివాళ్లు టీ కొట్టు దగ్గర అన్నీ ఎందుకు చెబుతారు?

టీమ్‌లో అందరికీ తెలిసిన సమస్యే అయినా, మేనేజర్ అడిగినప్పుడు ఒక్కరూ నోరు విప్పరెందుకని ఒకరు నన్ను అడిగారు. చాలామంది భయం అంటారు. భయమూ ఉంటుంది. కానీ బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని చేస్తూ నేను ఎక్కువగా చూసింది "చెప్పి ఏం లాభం?" అన్న నిరాశనే.

మారతహళ్లి దగ్గర ఒక కంపెనీలో మా టీమ్‌లో సగంమంది తెలుగువాళ్లమే. ఒక రిలీజ్‌కి ముందు, పేమెంట్ మధ్యలో నెట్ పోయి మళ్లీ నొక్కితే డబ్బులు రెండుసార్లు కట్ అవుతున్నాయని కడప కుర్రాడొకడు కనిపెట్టాడు. కింద టీ తాగుతూ మాకు పూసగుచ్చినట్టు వివరించాడు. సాయంత్రం కాల్‌లో మేనేజర్ "అంతా ఓకేనా?" అంటే మాత్రం మ్యూట్ కూడా తీయలేదు. ఎందుకురా అంటే, "పోయినసారి టెస్ట్ డేటా బాగాలేదన్న అక్క నెత్తినే ఆ పనంతా వేశారు కదన్నా. శని, ఆదివారాలు కూర్చుని చేసింది. అప్రైజల్‌లో మళ్లీ నెగటివ్‌గా మాట్లాడుతుందని రాశారంట" అన్నాడు. రిలీజైన రాత్రే కస్టమర్ల ఫిర్యాదులు మొదలయ్యాయి.

నోరు విప్పే ముందు ఎవరూ కంపెనీ పాలసీ తిరగేయరు. తమకన్నా ముందు మాట్లాడినవాళ్లకు ఏమైందో చూస్తారు. మోరిసన్, మిలికెన్ అనే పరిశోధకులు 2000లో రాసిందీ దాదాపు ఇదే: మాట్లాడితే ప్రమాదం, మాట్లాడినా దండగ అనే రెండు నమ్మకాలు పాతుకుపోతే ఆఫీసు మొత్తం మౌనంలోకి వెళ్లిపోతుంది. ఉద్యోగం వదిలి వెళ్లిపోదామంటే ఈఎంఐలు, 90 రోజుల నోటీస్ పీరియడ్ ఎలాగూ ఉన్నాయి. నన్ను బాగా బాధపెట్టేది ఇంకొకటుంది. తెలుగులో గడగడా చెప్పగలిగిన విషయాన్ని అంతమంది ముందు ఇంగ్లిష్‌లో చెప్పాలంటే చిన్న ఊళ్ల పిల్లలకు మాట పెగలదు. దాన్ని చూసి వీళ్లకు ఇంట్రెస్ట్ లేదని తేల్చేస్తారు. చాలా అన్యాయం.

తర్వాత మా టీమ్‌కి మేనేజర్‌గా వచ్చిన మేడమ్ పెద్ద ఉపన్యాసాలేమీ ఇవ్వలేదు. మీటింగ్‌కి ముందే జూనియర్లతో విడిగా, వాళ్లకొచ్చిన భాషలో మాట్లాడేవారు. తన అభిప్రాయం చివర్లో చెప్పేవారు. సమస్య చెప్పినవాళ్లకే ఆ పని అంటగట్టడం మానేశారు. చెప్పినదాన్ని ఏం చేశారో, చేయకపోతే ఎందుకు చేయలేదో మర్నాటికల్లా తెలిసేది. కొన్నాళ్లకు బగ్‌ల, అంటే సాఫ్ట్‌వేర్ లోపాల లిస్టు బాగా పెరిగింది, పైవాళ్లు టెన్షన్ పడ్డారు. నిజానికి అది మంచి గుర్తు. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రుల్లో చేసి 1996లో ప్రచురించిన అధ్యయనంలోనూ, బాగా నడిచే నర్సింగ్ టీమ్‌లలోనే మందుల పొరపాట్లు ఎక్కువ నమోదయ్యాయి. అక్కడ వాటిని దాచిపెట్టాల్సిన పరిస్థితి లేదు మరి.

లైంగిక వేధింపుల సంగతి వేరు. దాన్ని టీమ్ మీటింగ్ దాకా తేనక్కర్లేదు. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ప్రకారం పది మంది, అంతకుమించి ఉద్యోగులున్న ఆఫీసులో అంతర్గత కమిటీ ఉండి తీరాలి. మామూలుగా ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఆ కమిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి.

మిగతా వాటికి, మీరే మేనేజరైతే "ఎందుకు మాట్లాడరు?" అని టీమ్‌ను నిలదీయకండి. పోయిన నెల ఎవరెవరు ఏం చెప్పారో రాసుకుని, ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి అది ఎక్కడిదాకా వచ్చిందో చెప్పండి. ఉద్యోగి అయితే కాల్‌కి ముందే సమస్యను స్క్రీన్‌షాట్‌తో మెయిల్‌లో పెట్టి, మీ మాట వినే సీనియర్ ఒకరిని తోడు తీసుకెళ్లండి.