పక్కవాద్యం మానేయాలా?

ప్రశ్న: మేడమ్ గారూ, నాకు 17 ఏళ్లు. 8 ఏళ్లుగా వయొలిన్ నేర్చుకుంటున్నాను. భైరవి రాగంలో అటతాళ వర్ణం రెండు కాలాల్లో (వేగాల్లో) వాయిస్తాను. సోలో కచేరీలు చేయాలని నా కోరిక. కానీ అందరూ పాడేవాళ్ల పక్కన వాయించే పక్కవాద్యానికే పిలుస్తున్నారు. అది మానేసి సోలో మీదే సాధన చేయనా? ఇంటర్ అయ్యాక సంగీతమే చదవాలని ఉంది.
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: మానేయొద్దు తల్లీ. ఈ వయసుకే పిలుస్తున్నారంటే నీ శ్రుతి మీద వాళ్లకు గురి కుదిరింది.

నీ వయసులో నాదీ ఇదే ఆరాటం. ఒక ఆరాధన కచేరీలో గాయకురాలు భైరవి ఆలాపన ముగించి నా వైపు చూశారు. ఇంట్లో సాధన చేసిన స్వర విన్యాసాలన్నీ గుప్పించేశాను. చప్పట్లు కూడా కొట్టారు. తిరుపతికి తిరిగొచ్చే బస్సులో మా గురువుగారు, "ఆవిడ నిషాదం ('ని') మీద నిలబడిందే, అది ఒకసారి పాడు" అన్నారు. నాకు నోరు పెగల్లేదు. ఏం వాయించాలా అన్న టెన్షన్‌లో నేను అసలు వినలేదు.

భైరవిలో ఎక్కేటప్పుడు చతుశ్రుతి ధైవతం (కాస్త ఎత్తు 'ద'), దిగేటప్పుడు శుద్ధ ధైవతం (కాస్త కింది 'ద'). పుస్తకంలో అంతే ఉంటుంది. ఆ శుద్ధ ధైవతం నిషాదం నుంచి ఎలా జారుతుందో, ఎంతసేపు ఊగుతుందో మాత్రం పాడేవాళ్ల పక్కన కూర్చుంటేనే తెలుస్తుంది. వయొలిన్‌కి వీణలా మెట్లు లేవు, వేలు ఎక్కడ ఆగాలో చెప్పేది చెవే. ఇంకోటి, వేలు జారుతుండగా కమాను (బో) తిప్పేయకు. గమకం, అంటే స్వరం ఊగే ఆ ఊపు, రెండు ముక్కలైపోతుంది.

వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పెద్ద పెద్ద విద్వాంసులకు పక్కవాద్యం వాయించినవారే. ఆయన తొలి సోలో కచేరీ 1938లో, మీ చిత్తూరుకు దగ్గరే, వేలూరులో జరిగింది. అప్పటికి ఆయనకు 40 దాటాయి. నువ్వు అంతకాలం ఆగాలని కాదమ్మా, రోజూ ఓ అరగంట సోలోకి కేటాయించుకో.

చదువుకైతే తిరుపతిలో టీటీడీ వారి ఎస్వీ సంగీత నృత్య కళాశాల ఉంది, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో సంగీత విభాగం ఉంది. రెండు చోట్లా స్వయంగా వెళ్లి కనుక్కో.

ఈసారి కచేరీలో గాయకులను అడిగి, వాళ్ల ఆలాపన ఫోన్‌లో రికార్డు చేసుకో. మర్నాడు పొద్దున్నే ముందు పాడు, తర్వాత వాయించు. ఎక్కడ తేడా వచ్చిందో నాకు మళ్లీ రాయి.