కౌన్సిల్ మీటింగ్ కంటే ముందు కంచె అవతలి ఇంటికి వెళ్లమనండి

జడ్చర్ల నుంచి ఒక అక్క అడిగిన ప్రశ్న ఇది: "మా బాబు అమెరికాలో ఒక చిన్న ఎయిర్‌పోర్ట్‌లో పైలట్ ట్రైనింగ్ తీసుకుంటున్నాడు. ఆ స్థలం ఇళ్లకు ఇస్తారట, ఊరి కౌన్సిల్ మూసేయాలని చూస్తోందట. ఫీజు సగం కట్టేశాం, ఒకటే టెన్షన్. అక్కడ విమానాలు నడిపే మామూలు పైలట్లు దీన్ని ఆపగలరా?"

అక్కా, ఆపగలరు. మా దగ్గర ఆపాం. కాకపోతే ముందు మేమే తప్పుదారిలో వెళ్లి ఏడాది పోగొట్టుకున్నాం. మీ బాబు వాళ్లకు ఆ ఏడాది పోకూడదని ఇంత వివరంగా రాస్తున్నా.

మాది నకిరేకల్. టెక్సాస్‌లో ఉద్యోగం చేసిన తొమ్మిదేళ్లలో ఆరేళ్లు ఒక చిన్న ఊరి ఎయిర్‌పోర్ట్ నుంచి ఎగిరాను. నలుగురు కూర్చునే సెస్నా 172, అదీ నా ఒక్కడిది కాదు, చిట్టీ వేసుకున్నట్టు పన్నెండు మందిమి కలిసి కొనుక్కున్నాం. ఒకటే రన్‌వే, రెండు వరుసల హ్యాంగర్లు (విమానాలు పెట్టుకునే షెడ్లు), ఒక పెట్రోల్ పంపు. కంట్రోల్ టవర్ లేదు, ఎవరు దిగుతున్నారో ఎవరు లేస్తున్నారో రేడియోలో మేమే ఒకరికొకరం చెప్పుకునేవాళ్లం. మొదట్లో చుట్టూ పొలాలే. తర్వాత కంచె పక్కనే కాలనీ వచ్చింది. ఆ వెనకే సంతకాల సేకరణ మొదలైంది: చప్పుడు భరించలేకపోతున్నాం, ఎయిర్‌పోర్ట్ మూసేయండి అని.

కౌన్సిల్ మీటింగ్‌లో మాట్లాడాలనుకునే ప్రతి ఒక్కరికీ మూడు నిమిషాలు ఇస్తారు. మేం ఇరవై మందిమి వెళ్లాం. ఇరవై మందిమీ ఒకటే మాట చెప్పాం: "ఎయిర్‌పోర్ట్ ముందు వచ్చింది, ఇళ్లు తర్వాత వచ్చాయి, తెలిసే కొనుక్కున్నారు కదా!" మాట నిజమే. కానీ అది విన్నాక మా వైపు ఒక్కరు కూడా రాలేదు. ఒకావిడ లేచి, "మీ సరదా కోసం నా నిద్ర పోవాలా?" అని అడిగింది. ఇరవై మందిలో ఒక్కరి దగ్గర కూడా జవాబు లేదు.

మా గ్రూపులో రిటైరైన ఒక పెద్దాయన ఉండేవాడు. మరుసటి శనివారం నన్ను వెంటబెట్టుకుని నేరుగా ఆమె ఇంటికే తీసుకెళ్లాడు. ఆమె రాత్రి డ్యూటీ నర్సు. పొద్దున ఏడున్నరకు ఇంటికొచ్చి పడుకుంటుంది. వంటింట్లో కూర్చుని మాట్లాడుతుంటే ఒక విమానం లేచింది. సింక్ పక్కన ఆరబెట్టిన గాజు గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగాయి. ఆరు నిమిషాలకు మళ్లీ మోగాయి. మళ్లీ ఆరు నిమిషాలకు ఇంకోసారి. ఆమె ఏమీ అనలేదు, గ్లాసుల వైపు చూసి మా వైపు చూసింది. చక్రాలు రన్‌వేకు తగిలించి ఆగకుండా మళ్లీ లేవడాన్ని టచ్ అండ్ గో అంటారు. ల్యాండింగ్ నేర్చుకునే స్టూడెంట్లు గంటకు పదిసార్లు చేస్తారు. అదే రన్‌వే మీద నేనూ వందలసార్లు చేశాను. ఆ గ్లాసుల చప్పుడు మాత్రం ఆ రోజే విన్నాను.

ఆ వారమే మాలో మేం కూర్చుని కట్టుబాట్లు రాసుకున్నాం. శని, ఆదివారాలు పొద్దున తొమ్మిది దాకా టచ్ అండ్ గోలు వద్దు. లేచాక కాలనీ మీదికి తిరగొద్దు, తగినంత ఎత్తు అందుకున్నాకే పొలాల వైపు మలుపు తీసుకోవాలి. క్షేమంగా ఉన్నంతవరకు ఇంజన్ పవర్ తగ్గించాలి. చట్టప్రకారం ఎవరూ మమ్మల్ని బలవంతపెట్టలేదు. ఒక కాగితం మీద రాసి పెట్రోల్ పంపు దగ్గర అతికించాం, బయటి నుంచి వచ్చే పైలట్లకు కూడా కనపడేలా. కాలనీ వాళ్లకు ఒక ఫోన్ నంబర్ ఇచ్చాం, మొదటి ఆరు నెలలు అది నాదే. మొదటి నెల రోజూ మోగింది. తిట్లు కూడా పడ్డాయి. నాలుగో నెలకు వారానికి ఒకటి, అంతే. ఫోన్ ఎత్తి, "అవునండీ, ఆ విమానం ఎవరిదో కనుక్కుని మాట్లాడతాను" అని చెప్పి, నిజంగా మాట్లాడితే సగం కోపం చల్లారుతుంది.

తర్వాత పిల్లల రోజు పెట్టాం. అమెరికాలో ఈఏఏ అనే పైలట్ల సంఘం 1992 నుంచి యంగ్ ఈగల్స్ పేరుతో 8 నుంచి 17 ఏళ్ల పిల్లలను ఉచితంగా ఎక్కించుకుని తిప్పుతోంది. ఇప్పటిదాకా 20 లక్షల మంది పిల్లలకు పైగా అలా ఎగిరారు. మీ బాబు ఇంకా నేర్చుకుంటున్నాడు కాబట్టి ఎవరినీ ఎక్కించుకోకూడదు. కానీ కుర్చీలు వేయొచ్చు, రన్‌వే వైపు పిల్లలు పరుగెత్తకుండా చూడొచ్చు, సందేహాలకు జవాబు చెప్పొచ్చు. అప్పుడు మా అమ్మ నా దగ్గరికి వచ్చి ఉంది, పెద్ద గిన్నెడు పులిహోర చేసి పంపింది. మధ్యాహ్నానికల్లా గిన్నె ఖాళీ. అప్పటిదాకా కాలనీ వాళ్లలో చాలామంది ఆ గేటు లోపలికి ఒక్కసారి కూడా రాలేదని ఆ రోజే తెలిసింది.

ఇక కాగితాల సంగతి. చాలామంది పైలట్లకు ఇదే తెలియదు, అసలు బలం ఇక్కడే ఉంది. రన్‌వే బాగుచేయడానికో లైట్లు వేయడానికో ఊరు ఫెడరల్ ప్రభుత్వం నుంచి గ్రాంట్ తీసుకుంటే, చిన్న ఎయిర్‌పోర్ట్‌లకు సాధారణంగా ఖర్చులో 90 శాతం అక్కడి నుంచే వస్తుంది. బదులుగా ఎయిర్‌పోర్ట్‌ను మామూలుగా 20 ఏళ్లు తెరిచి ఉంచుతామని ఊరు రాసివ్వాలి. గ్రాంట్ డబ్బుతో భూమి కొంటే ఆ మాటకు గడువే ఉండదు, ఎప్పటికీ నిలబెట్టుకోవాలి. అందుకే మూసేయాలనుకునేవాళ్లు రేపే తాళం వేయమని అడగరు. "కొత్త గ్రాంట్ తీసుకోకండి" అంటారు. వినడానికి చిన్న మాటలా ఉంటుంది, కానీ ఆ రోజు నుంచే గడువు కరగడం మొదలవుతుంది. పైలట్లు వెళ్లాల్సిన మీటింగ్ అది. మూసివేత మీద ఓటింగ్ పెట్టేనాటికి పని అయిపోయి ఉంటుంది.

కాలిఫోర్నియాలోని శాంటా మోనికా చూడండి. ఊరికీ ఫెడరల్ ప్రభుత్వానికీ ఏళ్ల తరబడి కోర్టు గొడవలు నడిచి, 2017లో రాజీ కుదిరింది: 2028 డిసెంబర్ 31 తర్వాత ఊరు ఆ ఎయిర్‌పోర్ట్‌ను మూసేసుకోవచ్చు. అదే ఏడాది రన్‌వేను 4,973 అడుగుల నుంచి 3,500 అడుగులకు కుదించారు. షికాగోలోని మెగ్స్ ఫీల్డ్ ఎయిర్‌పోర్ట్‌కు ఆ పాటి గడువు కూడా దక్కలేదు. 2003 మార్చి 30 అర్ధరాత్రి మేయర్ రిచర్డ్ డేలీ ఆదేశంతో బుల్డోజర్లు వచ్చి రన్‌వే మీద పెద్ద పెద్ద ఇంటూ గుర్తులు తవ్వేశాయి. 16 విమానాలు లోపలే ఇరుక్కుపోయాయి. ముందుగా చెప్పకుండా మూసేసినందుకు పడిన జరిమానా 33,000 డాలర్లు. ఇప్పుడక్కడ పార్కు ఉంది.

ఒక విషయంలో మాత్రం వాదించొద్దని చెప్పండి. చిన్న విమానాల్లో ఎక్కువగా వాడే 100ఎల్ఎల్ పెట్రోల్‌లో సీసం ఉంటుంది. పక్కింటి తల్లి, "మా పిల్లలు పీల్చే గాలి సంగతేంటి?" అని అడిగితే అది న్యాయమైన ప్రశ్న. కాలిఫోర్నియాలోని రీడ్-హిల్‌వ్యూ ఎయిర్‌పోర్ట్‌లో 2022 జనవరి నుంచి ఆ పెట్రోల్ అమ్మడమే ఆపేశారు. సీసం లేని పెట్రోల్ తెప్పించమని పైలట్లే ముందుండి అడగాలి, మేం ఆలస్యంగా అడిగాం.

ఊరికి ఉపయోగం ఏమిటో కూడా లెక్క చూపించాలి. మేం రిజిస్టర్ పెట్టి రాశాం: అంబులెన్స్ హెలికాప్టర్ ఏ రోజు దిగింది, పొలాలకు మందు కొట్టే విమానం ఎన్నిసార్లు వచ్చింది, రోగులను ఉచితంగా దూరపు ఆసుపత్రికి తీసుకెళ్లే ట్రిప్పులు ఎన్ని, హ్యాంగర్ల అద్దె ఎంత. చివరికి కొత్త లైట్ల గ్రాంట్ తీసుకోవాలా వద్దా అని ఓటింగ్ పెడితే 4-3తో గెలిచాం. ఒక్క ఓటు. ఆ నర్సు మా తరఫున మాట్లాడలేదు, కానీ మూసేయమంటూ రెండోసారి వచ్చిన కాగితం మీద సంతకమూ పెట్టలేదు.

మన దగ్గర చెరువు శిఖం ఏమవుతుందో మీకు తెలుసు. నాలుగేళ్లు నీళ్లు రాకపోతే హద్దురాళ్లు పాతేస్తారు, తర్వాత వాన పడినా చెరువు తిరిగి రాదు. నిజాం కాలంలో 1930లో కట్టిన వరంగల్ మామునూరు ఎయిర్‌పోర్ట్ 1981లో మూతపడింది. మళ్లీ కేంద్రం అనుమతి వచ్చేసరికి 2025. 150 కిలోమీటర్ల లోపు ఇంకో ఎయిర్‌పోర్ట్ రాకూడదనే శంషాబాద్ ఒప్పందంలోని షరతు దాటాల్సి వచ్చింది, రన్‌వే పొడిగించడానికి రైతుల భూములు తీసుకోవాల్సి వచ్చింది. మీ పక్కనే దేవరకద్ర పేరు ప్రతిపాదనల్లో ఏళ్లుగా వింటూనే ఉన్నాం. ఉన్నదాన్ని నిలబెట్టుకోవడం ఇంతకంటే ఎంతో తేలిక.

భయం గురించి కూడా ఒక మాట. 2022 ఫిబ్రవరిలో మా జిల్లా పెద్దవూర మండలంలో శిక్షణ విమానం కూలి ట్రైనీ పైలట్ అమ్మాయి చనిపోయింది. అప్పటి నుంచి పైన చిన్న విమానం వెళ్తుంటే పొలంలో పని ఆపి చూసేవాళ్లను నేను చూశాను. అమెరికాలో రన్‌వే పక్కన ఉండేవాళ్లకూ అదే భయం. "మా దగ్గర అలా జరగదు" అని కొట్టిపారేయకుండా, ఇంజన్ ఆగిపోతే ఏ ఖాళీ పొలంలో దించుతామో చూపించమనండి.

మీ బాబును ఈ వారంలో మూడు పనులు చేయమనండి. ఏఓపీఏ అనే పైలట్ల సంఘం 1997 నుంచి ఎయిర్‌పోర్ట్‌లకు వాలంటీర్లను పెడుతోంది, వాళ్ల ఎయిర్‌పోర్ట్‌కు ఎవరున్నారో కనుక్కోవాలి. ఆఖరి గ్రాంట్ ఏ ఏడాది, దేనికి తీసుకున్నారో ఊరి ఆఫీసులో అడగాలి. తన ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి రన్‌వే చివర ఉన్న ఇంటికి ఒకసారి వెళ్లి రావాలి. వీసా మీద ఉన్నాం, మనకెందుకు అని వెనకాడొద్దు. ఓటు ఉండదు కానీ, నేనూ వీసా మీద ఉండగానే ఆ మూడు నిమిషాలు మాట్లాడాను. గ్రాంట్ ఏ ఏడాదిదో తెలియగానే ఇక్కడే రాయండి అక్కా, కౌన్సిల్‌కు పంపే ఉత్తరం కలిసి రాద్దాం.