టెక్ సందేహాలు: పాట వినడానికి వై-ఫై పాస్‌వర్డ్ ఎందుకు?

కొన్ని నెలలుగా నాకు ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. ఇంట్లో పాత స్టీరియో ఉంది, తక్కువ ఖర్చులో మెరుగుపరచుకోవాలి, ఏం కొనాలి? రాసేవాళ్లలో చాలామంది ఏం కొనాలో ముందే అనుకుని, నా చేత ఔననిపించుకోవడానికి అడుగుతున్నారు. నేను ఔననలేను. అందుకే ఈసారి మూడు ఉత్తరాలే తీసుకుని కాస్త వివరంగా రాస్తున్నాను.

కావలి నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు: "పాతికేళ్ల నాటి యాంప్లిఫయర్, రెండు పెద్ద స్పీకర్ బాక్సులు ఉన్నాయి. కుడివైపు బాక్సు గరగరమంటోంది, బేస్ తగ్గింది. మా అబ్బాయి ఇవన్నీ తీసేసి వెయ్యి వాట్ల హోమ్ థియేటర్ కొందామంటున్నాడు. 12,000 రూపాయలు పెట్టగలను. కొనమంటారా?"

మాస్టారూ, వద్దు. ముందు ఆ వెయ్యి వాట్ల సంగతి తేల్చుకుందాం. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసే అంకె చాలాసార్లు పీఎంపీఓ లెక్క, అంటే క్షణకాలం పాటు వచ్చే గరిష్ఠ శక్తి అని చెప్పుకునే లెక్క. దాన్ని ఎలా కొలవాలన్న దానికి అందరూ ఒప్పుకున్న పద్ధతంటూ లేదు, ఎవరికి తోచిన అంకె వాళ్లు వేసుకుంటారు. చూడాల్సింది ఆర్‌ఎంఎస్ వాట్లు, అంటే ఆగకుండా నిలకడగా ఇవ్వగల శక్తి. అవి కూడా రెట్టింపైతే శబ్దం రెట్టింపు కాదు, 3 డెసిబెల్స్ మాత్రమే పెరుగుతుంది. చెవికి రెండింతలు అనిపించాలంటే 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే వాట్లు పదింతలు కావాలి. హాల్లో కూర్చుని మామూలు సౌండ్‌తో పాట వింటున్నప్పుడు మీ యాంప్లిఫయర్ స్పీకర్లకు పంపేది ఒకటి రెండు వాట్లే. శక్తి చాలక కాదు మీ పాట పాడైంది.

లోపం ఎక్కడుందో పైసా ఖర్చు లేకుండా తెలుసుకోవచ్చు. యాంప్లిఫయర్ ఆపేసి, దాని వెనక కుడి, ఎడమ స్పీకర్ వైర్లను అటుదిటు మార్చండి. మళ్లీ ఆన్ చేసినప్పుడు గరగర కుడి బాక్సులోనే ఉంటే తప్పు బాక్సుది. ఎడమ బాక్సుకు మారితే యాంప్లిఫయర్‌ది. మీరు చెప్పిన లక్షణాలను బట్టి నా అనుమానం బాక్సు మీదే. ముందున్న గుడ్డ తీసి, బేస్ పలికించే పెద్ద స్పీకరైన ఊఫర్ చుట్టూ ఉండే ఫోమ్ రింగును చూడండి, వేలితో తాకితే పొడిగా రాలుతుందేమో. ఫోమ్ రింగులు ఏళ్లు గడిచేకొద్దీ చివికిపోతాయి, ఉక్కపోత ఊళ్లలో ఇంకా తొందరగా. కోన్, కాయిల్ బాగుంటే రింగు ఒక్కటీ మార్పిస్తే ఆ స్పీకర్ మళ్లీ ఏళ్ల తరబడి పాడుతుంది. దీనికి పెద్ద షోరూము అక్కర్లేదు. పెళ్లిళ్లకు మైక్ సెట్లు అద్దెకిచ్చే వాళ్లను అడగండి, తమ స్పీకర్లు ఎవరి దగ్గర బాగుచేయిస్తారో చెబుతారు. రెండు బాక్సులకూ ఒకేసారి మార్పించండి, ఒకటి పోయిందంటే రెండోది కూడా దారిలో ఉన్నట్టే.

తప్పు యాంప్లిఫయర్‌దైతే, సముద్రానికి దగ్గరి ఊరు కాబట్టి ముందు ఉప్పుగాలినే అనుమానించాలి. వాల్యూమ్ నాబ్ లోపల, స్పీకర్ రిలే కాంటాక్టుల మీద తుప్పు పేరుకుంటే ఒకవైపు సౌండ్ వస్తూ పోతూ ఉంటుంది. మెకానిక్ కాంటాక్ట్ క్లీనర్ కొడితే చాలాసార్లు సరిపోతుంది. మీరు మాత్రం మూత తీయకండి. ప్లగ్ పీకేసినా లోపలి పెద్ద కెపాసిటర్లలో కరెంటు నిలవుంటుంది.

వైర్ల చివర్లు ఆకుపచ్చగా మారి ఉంటే అరంగుళం కోసేసి కొత్తగా ఒలిచి బిగించండి. కొత్త వైరు కొంటే 16 గేజ్ అసలైన రాగి తీసుకోండి. పైన రాగిపూత, లోపల అల్యూమినియం ఉన్న వైరును రాగి వైరని అమ్ముతున్నారు, బ్లేడుతో గీస్తే తెల్లగా బయటపడుతుంది. ఎరుపు ఎరుపుకి, నలుపు నలుపుకి కలపాలి. ఒక బాక్సుకు తిరగేసి కలిపితే రెండు ఊఫర్లు ఒకదాని బేస్‌ను ఇంకొకటి మింగేస్తాయి. సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే రెండు బాక్సుల్లోనూ ఒకే సౌండ్ వచ్చే, ఘంటసాల గారి నాటి పాత మోనో పాట ఒకటి పెట్టి ఎదురుగా కూర్చోండి. గొంతు సరిగ్గా రెండు బాక్సుల నడుమ నుంచి రావాలి. ఎక్కడి నుంచి వస్తోందో తెలియకుండా చెదిరినట్టుంటే వైరు తిరగబడింది.

ఇక గది. మన జిల్లాల్లో కొత్త ఇల్లు కడితే చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ పరవాలని అందరికీ ఉంటుంది. కింద అద్దంలాంటి రాయి, పైన శ్లాబు, చుట్టూ నున్నటి గోడలు. అలాంటి హాల్లో ఒక్కసారి చప్పట్లు కొట్టి చూడండి, ఆ మోత ఎంతసేపు మిగులుతుందో. ఆ మోతే మీ పాటలో మాటల్ని కప్పేస్తుంది. ఎంత ఖరీదైన సామాను తెచ్చినా ఇది పోదు. బాక్సులకూ మీకూ మధ్య మందపాటి జంపఖానా పరిచి, కిటికీలకు బరువైన తెరలు కట్టి, బాక్సుల్ని షోకేసు అరల్లోంచి దించి గోడకు అడుగు దూరం జరపండి. బాక్సుల్లో సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకర్లు, అంటే ట్వీటర్లు, మీరు కూర్చున్నప్పుడు చెవి ఎత్తుకు రావాలి. రెండు బాక్సుల మధ్య ఎంత దూరమో, వాటికీ మీకూ అంతే దూరం ఉండాలి. నేను చూసిన ఇళ్లలో ఇంత మార్పు ఏ కొత్త పెట్టె వల్లా రాలేదు.

ఫోన్‌లోని పాటలు వినడానికి ఫోన్‌కు తగిలించే చిన్న టైప్-సి డాంగిల్, దాన్ని యాంప్లిఫయర్‌కు కలిపే ఆర్‌సీఏ కేబుల్ చాలు. లేదా స్క్రీనూ యాప్‌లూ లేని మామూలు బ్లూటూత్ రిసీవర్. బ్లూటూత్‌లో క్వాలిటీ పోతుందని టెన్షన్ పడేవాళ్లు ఉన్నారు. పాటను కుదించి పంపే మామూలు ఎస్‌బీసీ పద్ధతిలో సెకనుకు 328 కిలోబిట్ల వరకు వెళ్తాయి, సీడీలో 1,411. తేడా ఉంది కానీ ఆ గ్రానైట్ మోత ముందు అదెంత? మీ 12,000లో సగం కూడా ఖర్చవదు. ఇన్ని చేశాక కూడా బేస్ చాలదనిపిస్తే అప్పుడు సొంత యాంప్లిఫయర్ ఉన్న సబ్‌ఊఫర్ ఒకటి చూద్దురుగాని.

ఒంగోలు నుంచి ఒక పాఠకుడు: "యాంప్లిఫయర్‌కు కలపడానికి ఆన్‌లైన్‌లో చవగ్గా ఆండ్రాయిడ్ బాక్సు కొన్నాను. పేరున్న కంపెనీ కాదు. సినిమాలు, పాటలు అన్నీ ఫ్రీ. మొదట్లో ప్లే ప్రొటెక్ట్ అనే గూగుల్ రక్షణను ఆపమంటే ఆపాను. ఈమధ్య ఇంట్లో నెట్ బాగా నెమ్మదించింది. పెద్ద ప్లాన్ తీసుకోవాలా?"

ప్లాన్ సంగతి తర్వాత. ఈ వాక్యం చదవడం ఆపి ముందు ఆ బాక్సు ప్లగ్ తీసేయండి.

2025 జూన్‌లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ సరిగ్గా ఇలాంటి వాటి గురించే హెచ్చరిక ఇచ్చింది. ఊరూపేరూ లేని టీవీ బాక్సులు, ప్రొజెక్టర్లు, డిజిటల్ ఫొటో ఫ్రేములు, కార్లలో పెట్టే స్క్రీన్లు కొన్ని ఫ్యాక్టరీ నుంచే దొంగ సాఫ్ట్‌వేర్‌తో వస్తున్నాయి, కొన్ని సెటప్ చేసేటప్పుడు దించుకునే యాప్‌లతో దాన్ని తెచ్చుకుంటున్నాయి. బ్యాడ్‌బాక్స్ 2.0 అని దానికి పేరు. మరుసటి నెలలో గూగుల్ న్యూయార్క్‌లో కేసు వేస్తూ, దీని బారిన పడ్డ పరికరాలు కోటికి పైగా ఉన్నాయని చెప్పింది. ఎఫ్‌బీఐ చెప్పిన గుర్తులు చూడండి: ప్లే ప్రొటెక్ట్ ఆపమనడం, తెలియని బ్రాండ్, అన్నీ ఫ్రీ అనడం, కారణం తెలియని ఇంటర్నెట్ వాడకం. మీ ఉత్తరంలో నాలుగూ ఉన్నాయి.

నన్ను అన్నిటికంటే భయపెట్టేది దాని పనితీరు. ఆ బాక్సు మీ ఇంటి ఇంటర్నెట్‌ను ఎవరెవరికో అద్దెకు ఇస్తుంది. ఎక్కడో కూర్చున్న మోసగాడు దొంగ లాగిన్లు చేస్తాడు, అవతల రికార్డయ్యేది ఒంగోల్లో మీ కనెక్షన్ నంబరు. విచారణంటూ వస్తే మొదట తట్టేది మీ తలుపే. మీరు పాట వింటున్నంతసేపూ, వినకుండా నిద్రపోతున్నప్పుడూ అది పనిచేస్తూనే ఉంటుంది. ఫ్యాక్టరీ రీసెట్ కొడితే పోతుందనుకోకండి, పుట్టుకతో లోపల ఉన్నది రీసెట్‌తో పోదు. ఎవరికీ అమ్మకండి, బంధువులకు ఇవ్వకండి.

ఇప్పుడు ఈ పని చేయండి. వేరే ఫోన్ నుంచి మీ గూగుల్ ఖాతా తెరిచి ఆ బాక్సును సైన్ అవుట్ చేసి పాస్‌వర్డ్ మార్చండి. వై-ఫై పాస్‌వర్డూ, రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డూ మార్చండి. కనెక్షన్ పెట్టినవాళ్లు వేసిన పాస్‌వర్డ్‌నే ఏళ్ల తరబడి ఉంచుకునేవాళ్లు మనలో ఎక్కువ. రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ ఉంటే ఇకపై టీవీ, స్పీకర్లాంటివి అందులోనే ఉంచి, బ్యాంకు యాప్‌లున్న ఫోన్లను దూరంగా పెట్టండి. ఖాతాలో డబ్బు పోయినట్టు అనిపిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఈ మాట చెబుతున్నాను కాబట్టి మనసులోని కోపమూ చెప్పనివ్వండి. పేరున్న పరికరాలు మాత్రం ఏం గౌరవం చూపుతున్నాయి? కొన్నేళ్ల కిందట నేనొక వై-ఫై స్పీకర్ కొన్నాను. పాట పెట్టాలంటే యాప్, యాప్‌కు ఖాతా, ఖాతాకు ఫోన్ నంబరు, ఆపైన లొకేషన్ పర్మిషన్. పాత ఆండ్రాయిడ్‌లో బ్లూటూత్ వెతకాలంటే లొకేషన్ అడగక తప్పేది కాదు, నిజమే. ఆండ్రాయిడ్ 12 నుంచి దానికి వేరే పర్మిషన్ వచ్చింది. ఆ తర్వాత కూడా అడుగుతున్నారంటే అది అవసరం కాదు, అలవాటు. ఒక అప్‌డేట్ తర్వాత నా ఫోన్‌లో ఆ యాప్ పనిచేయడం మానేసింది. ఊఫర్ నిక్షేపంగా ఉంది, ట్వీటర్ బాగుంది, కానీ స్పీకర్ మూగబోయింది. కనీసం వెనక వైరు తగిలించే ఒక ఆక్స్ సాకెట్ పెట్టి ఉంటే ఈరోజుకీ పాడేది. అదే ఇంట్లో మా నాన్న గారి యాంప్లిఫయర్ ఇంకా పాడుతోంది, ఎందుకంటే దానికి పాట తప్ప మా గురించి ఏమీ తెలియనవసరం లేదు. స్టీరియోలో యాప్ మీద ఆధారపడే భాగానికి వీలైనంత తక్కువ ఖర్చు పెట్టండి, యాంప్లిఫయర్‌కూ స్పీకర్లకూ యాప్‌ను అసలే తగిలించకండి.

కందుకూరు నుంచి ఒక పాఠకురాలు: "యాంప్లిఫయర్‌లో గుంయ్‌మని హమ్ వస్తోంది. మెకానిక్ ప్లగ్‌కు ఉన్న మూడో పిన్ను తీసేస్తే పోతుందన్నారు, పోయింది కూడా. అలా ఉంచవచ్చా?"

ఉంచకూడదమ్మా. ఈరోజే ఆ ప్లగ్ మార్పించండి. అది ఎర్త్ పిన్ను. లోపల వైరు తెగి ఇనుప డబ్బాకు తగిలితే ఆ కరెంటును భూమిలోకి తీసుకెళ్లేది అదే, అది లేకపోతే ముట్టుకున్న మనిషి గుండా వెళ్తుంది. హమ్ ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడే వస్తుంటే మీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయ్యుంటుంది, కరెంటు పోయినప్పుడు యాంప్లిఫయర్ ఆపేయండి. ఎప్పుడూ వస్తుంటే యాంప్లిఫయర్ వెనకున్న కేబుళ్లను ఒక్కొక్కటే తీసి చూడండి. సెట్‌టాప్ బాక్సుది తీయగానే ఆగితే, తప్పు బయటి నుంచి వచ్చే కేబుల్ టీవీ వైరుది, ఆ వైరుకు గ్రౌండ్ ఐసొలేటర్ పెట్టిస్తే సరి. పిన్ను తీసేయమన్న మెకానిక్‌ను మళ్లీ ఇంటికి పిలవకండి.